ఐదున్నరకి వచ్చే సిస్టరాంటీ

మొన్న ఒక మధ్యాహ్నం బడిలో ఏడో తరగతి లెక్కల పేపర్లు దిద్దుకుంటూ ఉంటే తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. అవతల ఒక అమ్మాయి గొంతు. గోదావరి యాస. నా పేరు కూడా అడక్కుండా, "ఏవండీ, ఇది ఒంటె ఇల్లేనాండి?" అంది.

అవునన్నాను.

రెండు రోజుల క్రితం పాలకొల్లు దగ్గర వాళ్ల ఊళ్లో, వాళ్ల మేనత్త నిద్రలోనే పోయిందట. ఆవిడ ఫోనులో ఉన్న నంబర్లన్నిటికీ వరసగా కబురు చెబుతోందట ఆ అమ్మాయి. ఫలానా సిస్టరు, ఫలానా పాస్టరు, ఫలానా మెడికల్ షాపు అని అన్నీ తిన్నగానే ఉన్నాయి, ఇదొక్కటే 'ఒంటె ఇల్లు' అని ఉంది, ఏ జూ వాళ్లదో అనుకుని చెయ్యాలా వద్దా అని ఆలోచించానండి అంది. తర్వాత, మీరు ఆవిడకి ఏమవుతారని అడిగింది. రాయపూర్‌లో మా మేడ మీద అద్దెకి ఉండేవారని చెప్పాను. మరి ఒంటె ఎవరండీ అని అడిగింది. ఈలోగా బెల్లు కొట్టారు. అది చాలా ఉందమ్మా, తీరిగ్గా చెబుతానని పెట్టేశాను.

ఇంటికెళ్లి అమ్మకి చెప్పాను. అమ్మ స్టవ్వు కట్టేసి, వంటింటి గుమ్మంలోనే కూర్చుంది. నాన్న పోయి ఐదేళ్లయింది. ఆ ఒంటెని రోజూ చూసిన నలుగురిలో ఇక మేమిద్దరమే మిగిలాం. అందుకే రాస్తున్నాను.

ఆవిడ ఎప్పుడు పుట్టారో, ఎందుకు పెళ్లి చేసుకోలేదో, గోదావరి ఒడ్డు నుంచి ఛత్తీస్‌గఢ్ దాకా ఎలా వచ్చారో నాకు తెలీదు. అడగాలని అప్పుడు తోచలేదు. నాకు తెలిసినదల్లా సాయంత్రం ఐదున్నర నుంచి ఆరింటి దాకా మా టీవీ ముందు కూర్చునే మనిషి.

అప్పుడు మేం రాయపూర్‌లోని మోవాలో ఉండేవాళ్లం, రైలు గేటు దాటాక రెండో వీధి. నాన్న ఊరి బయట సిల్తారాలో ఒక స్పాంజ్ ఐరన్ ప్లాంటులో కొలిమి దగ్గర పనిచేసేవారు. గాలి అటునుంచి వీచిన రోజున మా మేడంతా నల్లటి పొడి. గుమ్మం నుంచి వంటింట్లోకి వట్టికాళ్లతో నడిస్తే అరికాళ్లు నల్లగా అయ్యేవి. మాది విజయనగరం వైపు. మా వీధిలో తెలుగువాళ్లు నాలుగిళ్లు. నేను పదకొండో తరగతిలో చేరిన ఏడాది మా మేడ మీది గది, వంటిల్లు సిస్టరాంటీ తీసుకున్నారు. ఊళ్లో ఒక పెద్దాసుపత్రిలో, కాలిన గాయాల వార్డులో సీనియర్ నర్సు. పొద్దున్న డ్యూటీ. తెల్లారేసరికి గేటు దగ్గర ఆటో పట్టుకుని వెళ్లి, మూడింటికి వచ్చి, స్నానం చేసి పడుకునేవారు. సరిగ్గా ఐదూ ఇరవై ఐదుకి మెట్ల మీద చప్పుడయ్యేది.

ఆవిడ ఇంట్లో టీవీ లేదు. కొనుక్కోండప్పా అని అమ్మ అంటే (మా వైపు అక్కని అప్ప అంటారు), ఇంట్లో ఉంటే అస్తమానం చూస్తానమ్మా, అరగంట చాలు నాకు అనేవారు. తెల్లటి బూట్లు బయట వదిలితే పొడి పడుతుందని లోపలికి తెచ్చి, కాగితం మీద పెట్టేవారు. సోఫా మీద కూర్చునేవారు కాదు. ప్లాస్టిక్ కుర్చీ టీవీకి ఎదురుగా లాక్కుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ప్రార్థనలో కూర్చున్నట్టు కూర్చునేవారు. అప్పుడు ఒంటె వచ్చేది.

ఏ దేశంలో తీశారో గాని, అది హిందీలోకి మార్చిన బొమ్మల కార్యక్రమం. ఎప్పుడూ మంచు కురిసే ఒక ఊళ్లో ఒక ఒంటె పోస్టుమాను. అంత మంచులో ఒంటె ఏమిటని ఆ ఊళ్లో ఎవరూ అడగరు. ఉత్తరాలు సంచీలో పెట్టుకోదు, మూపురంలో పెట్టుకుంటుంది. మూపురానికి జిప్పు. జిప్పు తీస్తే ఉత్తరంతో పాటు గొడుగు, హార్మోనియం, ఒక్కోసారి నిండు మనిషి పోలీసు కూడా బయటికొచ్చేవాడు. రోజుకో ఉత్తరం. మంగలికి ఇవ్వాల్సింది పట్టుకుని దీపస్తంభం ఎక్కేది, అక్కణ్నుంచి జారి చంద్రుడి మీద పడేది, అక్కడ కూడా ఎవరో 'పక్కింట్లో అడుగు' అనేవారు. తలుపు కొట్టిన ప్రతిచోటా మహా సంతోషంగా, "ఆ గయా, ఆ గయా, గలత్ ఘర్ ఆ గయా" అని పాడేది. తప్పుడింటికి వచ్చానని తనే చెప్పుకుంటుందన్నమాట. వాళ్లు దాని మొహం మీదే తలుపు వేసేవారు. ఒంటె అట్టులా పలచబడి తలుపుకి అతుక్కుపోయేది. ఆ తర్వాత ఒక్కో వేలూ ఊడదీసుకునేది. ఒంటెకి వేళ్లేమిటంటే, ఈ ఒంటెకి పసుప్పచ్చ గ్లవ్సుల్లో ఐదేసి వేళ్లుండేవి. చిటికెన వేలు, టప్. ఉంగరం వేలు, టప్. బొటనవేలు ఊడగానే ఒళ్లంతా దభాల్న కింద పడేది. రోజూ మూడుసార్లు ఇదే జరిగేది.

సిస్టరాంటీ నవ్వుకి శబ్దం ఉండేది కాదు. ముందు భుజాలు కదిలేవి. తర్వాత కళ్లలో నీళ్లు. చిటికెన వేలు ఊడే సమయానికి కొంగు నోట్లో కుక్కుకుని, ఒక చేత్తో కుర్చీ పట్టుకునేవారు. చిత్రమేమిటంటే ఆ నవ్వు తలుపు కొట్టకముందే మొదలయ్యేది. ఒంటె వీధి మలుపు తిరుగుతుంటేనే ఆవిడకి జరగబోయేదంతా కనిపించేసేది. ప్రకటనలు రాగానే మళ్లీ నర్సు అయిపోయి, నా గోళ్లు చూసి, పిల్ల పాలిపోయింది, రక్తం చూపించండని అమ్మకి చెప్పేవారు. ప్రకటనలు అయిపోగానే ఆ మాట మధ్యలోనే ఆగిపోయేది. ఆరయ్యాక ఒక కప్పు టీ తాగి, "వస్తానమ్మా" అని మేడెక్కేవారు.

ఆ వయసులో నాకు ప్రతిదానికీ ఒక అర్థం ఉంటుందని నమ్మకం. ఒకరోజు ఆవిడ మెప్పు పొందుదామని, ఆ ఒంటె కూడా మనలాంటిదే కదాంటీ, ఎక్కడో పుట్టి ఈ రాయపూర్‌లో పడ్డట్టు అన్నాను. ఆవిడ నన్ను చాలా జాలిగా చూశారు. "అలాంటివి పెట్టకు తల్లీ దానికి. అది ఒంటె. పోస్టుమాను. ఇంకేం కావాలి?" అన్నారు.

ఒక్కసారి మాత్రం ఆవిడకి ఆ ఒంటె మీద కోపం వచ్చింది. ఆ రోజు తీసినవాళ్లకి ఏం బుద్ధి పుట్టిందో, ఉత్తరం చేరాల్సిన ముసలమ్మకే చేరింది. ముసలమ్మ చదువుకుని ఏడ్చి, ఒంటెని కావలించుకుంది. వెనకాల వయొలిన్లు. అమ్మ కూడా కళ్లు తుడుచుకుంది. సిస్టరాంటీ లేచి, "పాడుచేశారు" అని ఒక్క మాట అనేసి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు. మర్నాడు కుర్చీలో కూర్చోబోతూ, ఇవాళైనా తప్పుడింటికి వెళ్తుందంటావా అని నన్ను అడిగారు.

ఈ వ్యవహారమంతా నాన్నకి గిట్టేది కాదు. మా వీధి తెలుగువాళ్లందరూ కేబుల్ అతని వెంటపడి, నెలల తరబడి అడిగి, ఒక తెలుగు చానల్ వేయించుకున్నారు. జనరల్ షిఫ్టులో ఉన్నప్పుడు నాన్న పావుతక్కువ ఆరుకి ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కుని, వార్తలు చూద్దామని హాల్లోకి వచ్చేసరికి టీవీలో ఒంటె ఉండేది. పరాయి ఆడమనిషిని తీసెయ్యమనలేరు. తువ్వాలు భుజాన వేసుకుని వెనకాల నిలబడి దగ్గేవారు. ఆవిడ వెనక్కి తిరక్కుండానే, "తమ్ముడూ, పదిహేను నిమిషాలు" అనేవారు. నాన్న వంటింట్లోకి వచ్చి అమ్మ మీద విసుక్కునేవారు. యాభై ఏళ్ల మనిషి, అంత పెద్ద ఉద్యోగం, బచ్చాల బొమ్మలు చూసి అలా ఊగిపోవడమేమిటని. నాన్న నవ్వగా నేను చూసింది తక్కువ. ప్లాంటుకి వేసుకెళ్లే ఖాకీ చొక్కాకి కూడా మడత నలక్కుండా ఇస్త్రీ చేసుకునే మనిషి ఆయన.

ఆ చలికాలంలోనే పక్క వీధిలో ఉండే పలాస వైపు అతను, మా అందరికీ తెలిసినవాడే, వేరే ప్లాంటులో కాలిపోయి సిస్టరాంటీ వార్డులో చేరాడు. మూడో రోజు పొద్దున్న పోయాడు. అంతకు ముందు రెండు సాయంత్రాలూ ఆవిడ ఒంటె కోసం రాలేదు, డబుల్ డ్యూటీ పడిందనుకున్నాం. పెళ్లయి ఏడాది కాలేదు. అమ్మా, మిగతా ఆడవాళ్లూ అతని భార్య, ఆ చిన్నమ్మాయి దగ్గరే మధ్యాహ్నమంతా ఉండి వచ్చారు. అమ్మ ఇంకా మొహం కడుక్కోనైనా లేదు, ఐదూ ఇరవై ఐదుకి మెట్ల మీద చప్పుడైంది. సిస్టరాంటీ వచ్చి, టీవీ పెట్టుకుని, కుర్చీ లాక్కున్నారు. ఒంటె తలుపుకి అతుక్కుంది. భుజాలు కదిలాయి.

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. చాలాసేపు ఓర్చుకుని, మెల్లగానే అంది. "అప్పా, పొద్దున్న మీ చేతుల్లోనే కదా పోయేడు. ఎలాగొస్తాది మీకు నవ్వు?"

సిస్టరాంటీ తిరిగి చూడలేదు. ప్రకటనలు వచ్చేదాకా కూర్చున్నారు. తర్వాత లేచి, టీవీ ఆపేసి, బూట్లు చేత్తో పట్టుకుని, వట్టికాళ్లతోనే మెట్లెక్కి వెళ్లిపోయారు.

నాలుగు రోజులు రాలేదు. ఆ టైముకి అమ్మ ఏదో ఒక పని పెట్టుకునేది గాని, చెవి మెట్ల మీదే ఉండేది. నాన్న వార్తలు చూసుకున్నారు. అంతకు ముందు అంత పట్టుబట్టిన మనిషి, సగంలోనే లేచి వెళ్లిపోయేవారు.

ఐదో రోజు అమ్మ మళ్లీ ఆ అమ్మాయిని చూడ్డానికి వెళ్లింది. మాటల్లో ఆ అమ్మాయే చెప్పింది. రెండు రోజులు సిస్టర్‌గారు డ్యూటీ అయ్యాక కూడా ఇంటికి వెళ్లలేదట, అతని పక్కనే కూర్చుని దూదితో పెదాలు తడుపుతూ ఉన్నారట. పోయాక ఈ పిల్లని వెంటనే లోపలికి రానివ్వలేదు. ముందు తనే మొహం తుడిచి, మిగిలిన జుట్టుని పాపిడి తీసి దువ్వి, మెడ దాకా కొత్త దుప్పటి కప్పి, అప్పుడు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లారు. "మొహం ఒక్కటే చూడమ్మా, మిగతాదంతా నేను చూశాను" అన్నారట.

ఇదంతా అమ్మ నాకు తర్వాతెప్పుడో చెప్పింది. ఆ రోజు మాత్రం ఇంటికొచ్చి, ఐదున్నరకి ఇంకా పది నిమిషాలుండగా మేడెక్కింది. అద్దెకిచ్చాక అమ్మ ఆ మెట్లెక్కడం అదే మొదటిసారి. తలుపు దగ్గరే నిలబడి, "అప్పా, రండి. మీ ఒంటె వచ్చీసే టైమైంది" అనడం కింద నుంచి నేను విన్నాను. ఇద్దరూ కలిసి దిగి వచ్చారు. ఆ రోజు అమ్మ కూడా పీట వేసుకుని ఆవిడ పక్కనే కూర్చుని మొత్తం చూసింది. చివర్లో, ఆ మంచులో దానికి చలెయ్యదా అప్పా అని ఒక్క అనుమానం అడిగింది. సిస్టరాంటీ ఆ ప్రశ్నని చాలాసేపు ఆలోచించారు. మూపురంలో రజాయి ఉండి ఉంటుందన్నారు.

తర్వాతి వేసవిలో నాన్నకి ప్రమాదం జరిగింది. కొలిమి దగ్గర మూత తీస్తుండగా మంట వెనక్కి తన్నింది. మెడ మీద కొంచెం, ముంజేతుల మీద ఎక్కువ. అన్నిటికంటే కుడిచెయ్యి, అరచేతి వెనక భాగం, వేళ్లు. మేం ఆసుపత్రికి చేరేసరికి సిస్టరాంటీ వార్డులోనే ఉన్నారు. మా మేడ మీద మనిషి అని నాకు ఒక్క క్షణం తట్టలేదు. నడక వేరు, గొంతు వేరు. అమ్మ ఏడుస్తూ ఆవిడ చెయ్యి పట్టుకోబోతే, మెల్లగా విడిపించుకుని, "ఇక్కడ నేను సిస్టర్నమ్మా. ఏడవాలంటే ఇంటికొచ్చాక నా దగ్గరికి రండి, ఎంతసేపైనా" అన్నారు.

ఆ వార్డులో పదిమంది మగవాళ్లు. ఆవిడ అడుగుల చప్పుడు వింటే బిగుసుకుపోయేవారు, కట్లు మార్చేది ఆవిడే కాబట్టి. నొప్పి ఉండదని ఎవరికీ ఎప్పుడూ చెప్పేవారు కాదు. "నొప్పి పుడుతుంది. పన్నెండు నిమిషాలు" అనేవారు. గోడ గడియారం చూపించేవారు. పదమూడో నిమిషం ఎప్పుడూ కాలేదు. పక్క మంచం ఛత్తీస్‌గఢీ అతను నాతో అన్నాడు, ఈమె టైము తప్పదు, అందుకే భరిస్తాం అని.

తొడ మీది చర్మం తీసి చేతికి వేశారు. అది బాగానే అతుక్కుంది. ఇక వేళ్లు కదపాలి, లేకపోతే ముడుచుకున్నవి ముడుచుకున్నట్టే ఉండిపోతాయని డాక్టరు చెప్పారు. వారానికి రెండుసార్లు ఒకాయన వచ్చి వ్యాయామాలు చూపించేవాడు. నాన్న ఆయన ఉన్నంతసేపూ తలూపి, ఆయన వెళ్లగానే చెయ్యి దుప్పటి కింద దాచేసేవారు. నొప్పి ఒకటే కాదు. ఆయనకి ఆ చెయ్యి చూడబుద్ధి కాలేదు. ఒకరోజు అమ్మతో, దీంతో పనైపోయింది, ఊరెళ్లిపోదాం అన్నారు. అమ్మ ఇంటికొచ్చి సిస్టరాంటీ దగ్గర ఏడ్చింది. ఆవిడ మాట ఇచ్చినట్టే ఎంతసేపైనా ఏడవనిచ్చి, చివర్లో నన్ను మర్నాడు బడి మానేసి పదకొండింటికి వార్డుకి రమ్మన్నారు.

వార్డుకీ, నర్సులు కూర్చునే గదికీ మధ్య పెద్ద గాజు పలక ఉండేది. నేను వెళ్లేసరికి డాక్టర్ల రౌండు అయిపోయింది. సిస్టరాంటీ వచ్చి గాజు ముందు నిలబడ్డారు. గ్లవ్సు తొడుక్కున్న కుడి అరచేతిని ఎత్తి గాజుకి ఆనించారు. మొహంలో నవ్వు లేదు. కట్లు మార్చేటప్పుడు ఉండే మొహమే. అలాగే చిటికెన వేలు గాజు మీంచి ఎత్తి, నోటితో "టప్" అన్నారు. ఉంగరం వేలు. టప్. నడిమి వేలు. టప్. పదిమంది మగవాళ్లూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. బొటనవేలు కూడా ఊడాక వెనక్కి తిరిగి, "తమ్ముడూ, రండి" అన్నారు. వార్డులో ఆవిడ నాన్నని ఆ వరసతో పిలవడం అదే మొదలు.

నాన్న ఎర్రబడ్డారు. "నేనేమైనా బచ్చానా సిస్టర్‌గారూ?"

"బచ్చా అయితే పది రోజుల క్రితమే చేసేసేవారు. పిల్లలకి సిగ్గుండదు," అన్నారు ఆవిడ. చెయ్యి గాజు మీంచి తియ్యలేదు. నాన్న వచ్చేదాకా తియ్యరని అందరికీ అర్థమైంది. పక్క మంచం అతను, తన రెండు చేతులకీ కట్లున్నవాడు, "కర లే న కకా" అన్నాడు. చేసెయ్ బాబాయ్ అని.

నాన్న నా భుజం పట్టుకుని లేచారు. చెయ్యి గాజుకి ఆనించారు. అరచెయ్యి ఆనలేదు. మణికట్టు దగ్గరి భాగం, రెండు వేళ్ల కొసలు మాత్రం తగిలాయి. మిగతా వేళ్లు గూడు కట్టినట్టు పైకే ఉండిపోయాయి. సిస్టరాంటీ రెండు నిమిషాలు అని గడియారం చూపించారు. నాన్న నుదుటి మీద చెమట పట్టింది. చూపుడు వేలు వణికింది, గాజుకి తగిలింది, మళ్లీ లేచింది. ఆవిడ ఆయన తరపున "టప్" అన్నారు. రెండోసారి వేలు లేచినప్పుడు ఆవిడ అనలేదు, ఎదురు చూశారు. నాన్న గొంతు సవరించుకుని, హాజరు పలికినంత గంభీరంగా, "టప్" అన్నారు.

పక్క మంచం అతను ముందు నవ్వాడు. ఆ వెనక మరొకరు. నాన్న కూడా నవ్వారు, దగ్గులాగ మొదలై మధ్యలో నవ్వుగా మారింది. నవ్వుతుంటే మెడ మీది చర్మం లాగి, "అబ్బా" అంటూ నవ్వారు. సిస్టరాంటీ ఒక్కరే నవ్వలేదు. ఇంకో తొమ్మిదిసార్లు అన్నారు.

వారం తిరిగేసరికి, పదకొండింటికి నిలబడగలిగిన వాళ్లందరూ గాజు దగ్గరికి చేరేవారు. మిగతా వాళ్లు మంచం మీంచే టప్ టప్ అనేవారు. ఒకసారి పెద్ద డాక్టరు చూసి ఇదేమిటని అడిగితే, "ఎక్సర్‌సైజ్ సార్" అని మరో మాట లేకుండా కేస్‌షీట్ చేతిలో పెట్టారు ఆవిడ.

రెండు నెలలకి నాన్న ఇంటికొచ్చారు. కుడిచెయ్యి చాలా వరకు తెరుచుకునేది, చిటికెన వేలు తప్ప. అది కొక్కెంలాగ వంగే ఉండేది. ప్లాంటులో ఆయన్ని కొలిమి నుంచి తీసి, హాజరు రాసే టైమాఫీసులో వేశారు. అక్కడ సంతకాలు ఎడమచేత్తో చేసేవారు. కుడిచేత్తో కలం పట్టుకోమని నేను ఎంత చెప్పినా వినేవారు కాదు. ఐదున్నరకి మాత్రం ఎలాగో ఇంటికి చేరి, సోఫాలో కూర్చుని, టీవీ చూస్తూ సోఫా చెయ్యి మీద వేళ్లు ఒక్కోటీ ఎత్తేవారు. ఒంటె కోసం కాదు, వ్యాయామం కోసం అనేవారు. ప్రకటనలప్పుడు వేళ్లు ఆగిపోయేవి.

అలా ఏడాది నడిచాక, ఒక సోమవారం ఐదున్నరకి ఒంటె రాలేదు. దాని చోట్లో కార్ల పందాలేవో వచ్చాయి. సిస్టరాంటీ అరగంటా కదలకుండా కూర్చుని, కార్లలోంచి ఒంటె దిగుతుందేమోనన్నట్టు చూశారు. మంగళవారమూ అంతే. బుధవారం ఠావు కాగితాలు తెచ్చి నా ముందు పెట్టారు. చానల్‌కి ఉత్తరం రాయాలి, హిందీలో. ఆవిడ హిందీ ఆసుపత్రి హిందీ అట, నాదైతే చదువుకున్న హిందీ అట. చెబుతుంటే రాశాను. ఆ మాటలు ఇప్పటికీ గుర్తున్నాయి. సోమవారం నుంచి మీ ఒంటె కనిపించడం లేదు. సెలవు పెట్టిందా, ఉద్యోగంలోంచి తీసేశారా దయచేసి తెలియజేయగలరు. దాని మీద ఎవరైనా ఫిర్యాదు చేసి ఉంటే, అది ఇంతకాలం తన పని తాను సక్రమంగా చేసిందని సాక్ష్యం చెప్పడానికి మేము నలుగురం సిద్ధంగా ఉన్నాము.

ఆవిడ సంతకం పెట్టారు. అమ్మ తెలుగులో పెట్టింది. నేను పెట్టాను. కాగితం నాన్న ముందుకి జరిపాను. ఆయన ఎడమచేత్తో కలం అందుకుని, ఒకసారి ఉత్తరం మొత్తం చదువుకున్నారు. తర్వాత కలాన్ని కుడిచేతిలోకి మార్చుకున్నారు.

బొటనవేలికీ రెండు వేళ్లకీ మధ్య కలం నిలవడానికే చాలాసేపు పట్టింది. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు తెలుగులో రాశారు. గీతలు వణికాయి. చివరి అక్షరం దీర్ఘం కాగితం అంచు దాకా పోయింది. అమ్మ ఎందుకో లేచి వంటింట్లోకి వెళ్లింది. సిస్టరాంటీ కాగితం తీసుకుని, కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూశారు. నాన్న చేతినీ చూశారు. "చిటికెన వేలు కాగితానికి రాసుకుంటోంది. రేపట్నుంచి దానికి విడిగా ఇంకో పది" అన్నారు.

ఉత్తరం ఆవిడే స్వయంగా పోస్టు చేశారు. జవాబు రాలేదు. ఒంటె కూడా రాలేదు.

ఇక సిస్టరాంటీ రారనుకున్నాం. ఉత్తరం వేసిన మర్నాడు సాయంత్రం అదే సమయానికి దిగి వచ్చారు. నేను రిమోట్ అందుకోబోతే వద్దన్నారు. కుర్చీ టీవీ వైపు కాకుండా మా వైపు తిప్పుకున్నారు. మొదట్లో కొన్నాళ్లు పాతవి చెప్పుకునేవాళ్లం. ఆవిడ మొదలుపెట్టేవారు, ఒంటె వీధి మలుపు తిరిగేసరికే భుజాలు కదిలి ఇక మాట వచ్చేది కాదు. మిగతాది నేను పూర్తి చేసేదాన్ని. నెల తిరిగేసరికి పాతవన్నీ అయిపోయాయి.

ఒకరోజు నాన్న టైమాఫీసు నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, సోఫాలో కూర్చుని, మామూలు సంగతి చెప్పినట్టు, ఇవాళ ఒంటె సిల్తారా వచ్చింది అన్నారు. గేటు దగ్గర సెక్యూరిటీ వాడు దాన్ని ఆపి, మూపురం తనిఖీ చెయ్యాలన్నాడట. జిప్పు తీస్తే లోపల ఇంకో సెక్యూరిటీ వాడు ఉండి, ముందు నీ గేట్ పాస్ చూపించమన్నాడట. నాన్న మొహంలో ఏ మార్పూ లేదు. సిస్టరాంటీ కొంగు నోట్లో కుక్కుకుని కుర్చీ పట్టుకున్నారు.

ఆ తర్వాత నాలుగేళ్లకి ఆవిడ రిటైరై ఊరెళ్లిపోయారు. ఆ నాలుగేళ్లూ నాన్న వారానికి రెండు మూడు తెచ్చేవారు. ఒంటె మోవా గేటు దగ్గర రైలుకి దారివ్వలేదు. ఒంటె దేవేంద్ర నగర్‌లో పెళ్లివారింటికి శ్రాద్ధం కార్డు పట్టుకెళ్లింది. ప్లాంటులో రోజంతా పేర్లు రాసుకుంటూ వాటిని ఆలోచించేవారని తర్వాతెప్పుడో ఆయనతో పనిచేసినాయన చెప్పాడు. తన భర్త ఇలా కథలు చెప్పగలడని, ఇరవై ఏళ్లు కాపురం చేసిన మా అమ్మకి కూడా అప్పటిదాకా తెలీదు.